ప్యాటీ స్మిత్ 1979లో వేదిక దిగిపోవడాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: నీలిసిరా

అమెరికన్ రాక్ గాయని, కవయిత్రి ప్యాటీ స్మిత్ రాసిన స్మృతుల పుస్తకం ‘జస్ట్ కిడ్స్’ చదవడం పూర్తయ్యాక ఆమె తొలి ఆల్బమ్ ‘హార్సెస్’ను మొదటి పాట నుంచి చివరి పాట వరకు వరుసగా విన్నాను. పుస్తకం రాసిన మనిషి నెమ్మదస్తురాలు. ఆంగ్ల కవి విలియం బ్లేక్‌నూ, ఫ్రెంచి కవి ఆర్తుర్ రాంబోనూ ఇలవేల్పుల్లా కొలుచుకుంటుంది. పాటల్లోని గొంతు మాత్రం ఎవరికీ తల వంచనిది. ఒకచోట గొణుగుడుగా మొదలై, నాలుగు చరణాలు దాటేలోగా కేకగా మారిపోతుంది. రెండూ ఒకరివేనన్న సంగతి మెల్లగా మనసుకు ఎక్కింది గానీ, ఆమె జీవితంలోని ఒక ఘట్టం మాత్రం ఇప్పటికీ నాకు కొరుకుడు పడడం లేదు.

నాకు తెలిసినంతలో కథ ఇది. 1946 డిసెంబరు 30న చికాగోలో పుట్టి, ఎక్కువగా న్యూజెర్సీలో, కార్మిక కుటుంబంలో పెరిగింది. తల్లి హోటల్లో వడ్డించే పని చేసేది. తండ్రి కర్మాగారంలో పని చేసేవాడు. ఉపాధ్యాయురాలు కావాలని చేరిన కాలేజీ చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఇరవయ్యేళ్ళ వయసులో కన్న బిడ్డను దత్తతకు ఇచ్చి, 1967లో దాదాపు ఖాళీ చేతులతో న్యూయార్క్ చేరింది. తరువాతి కాలంలో ఫొటోగ్రాఫర్‌గా పేరు పొందిన రాబర్ట్ మేపుల్‌థార్ప్‌తో సాహచర్యం, చెల్సీ హోటల్లో చిన్న గది, పుస్తకాల దుకాణంలో ఉద్యోగం, రాత్రుళ్ళు కవిత్వం. 1975లో ‘హార్సెస్’ వచ్చింది. 1978లో ‘బికాజ్ ద నైట్’ అనే పాట అమెరికా పాపులర్ పాటల జాబితాలో 13వ స్థానానికీ, బ్రిటన్ జాబితాలో 5వ స్థానానికీ చేరింది. ఆ మరుసటి సంవత్సరం సెప్టెంబరులో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో, స్టేడియం నిండా జనం ముందు పాడి, అక్కడితో బృందానికి స్వస్తి చెప్పింది. 1980 మార్చి 1న ఎంసీ5 బృందపు మాజీ గిటారిస్టు ఫ్రెడ్ ‘సోనిక్’ స్మిత్‌ను పెళ్ళి చేసుకుని డెట్రాయిట్ శివార్లలో కాపురం పెట్టింది. 1988లో వచ్చిన ఒకే ఒక ఆల్బమ్‌ను మినహాయిస్తే 1995 వరకు దాదాపుగా ఎవరికీ కనిపించలేదు.

చాలా వ్యాసాలు ఈ పదహారేళ్ళను ‘కుటుంబం కోసం సంగీతాన్ని వదులుకుంది’ అన్న ఒక్క వాక్యంతో దాటవేస్తున్నాయి. అంత పెద్ద గొంతు అంత సులువుగా మూగబోతుందా? ఆ కాలంలో ఆమె ఏం చేసింది? దీనికి ముడిపడిన మరో సందేహం కూడా ఉంది. ఆమెను పంక్ సంగీతపు (1970ల నాటి తిరుగుబాటు రాక్ సంగీతం) ఆస్థాన కవయిత్రి అంటూ ఉంటారు కదా. పాట నుంచి విడదీసి కాగితం మీద చదివితే ఆమె నిజంగా కవేనా, లేక అది అభిమానులు మర్యాదకు ఇచ్చిన బిరుదా? మన దిగంబర కవులతో ఆమెను పోల్చవచ్చునని ఒక మిత్రుడు అన్నాడు. ఆ పోలికలో సత్తువ ఎంతో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: మూడుతీగలు

నీలిసిరా గారూ, మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. దాన్నిబట్టి మొదటి ప్రశ్న కూడా కొంత తేలికవుతుందని నా నమ్మకం.

ఆవిడ విషయంలో కవిత్వం ముందు వచ్చింది, సంగీతం దాని వెంట నడిచింది. 1971 ఫిబ్రవరి 10న న్యూయార్క్‌లోని సెయింట్ మార్క్స్ చర్చిలో ఆవిడ తొలిసారిగా బహిరంగంగా కవితలు చదివారు. అక్కడ ఎన్నాళ్ళుగానో జరుగుతున్న కవితా పఠనాలకు శ్రోతగా వెళ్తూ, చప్పగా చదివే కవులను గ్రెగరీ కోర్సో అనే కవి కేకలు పెట్టి ఎగతాళి చేయడం చూశారు. ఆ కవితల్లో నెత్తురు లేదనీ, ఎక్కించుకోవాలనీ కోర్సో అరిచేవాడట. తన వంతు వచ్చినప్పుడు ఎవరికీ విసుగు పుట్టించకూడదని ఆవిడ అప్పుడే తీర్మానించుకున్నారు. అందుకే రికార్డుల దుకాణంలో పని చేస్తూ సంగీత విమర్శలు రాసుకునే లెనీ కే అనే యువకుణ్ణి ఎలక్ట్రిక్ గిటారుతో వెంట తెచ్చుకున్నారు. ఒక కవిత చివర కారు ప్రమాదపు చప్పుడు కావాలని అడిగితే, అతను దాన్ని గిటారు మీద పలికించాడు. కవిత్వం చదివే చోట, అందులోనూ చర్చిలో, ఆ మోత కొందరికి నచ్చలేదు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఆవిడ పాటలు పాడడానికి బృందాన్ని కట్టుకోలేదు. చదివే కవిత చాలనప్పుడు ఒక గిటారును పిలిచారు. పియానో వాయించే రిచర్డ్ సోల్, గిటారిస్టు ఐవన్ క్రాల్, డ్రమ్ములు వాయించే జే డీ డాహర్టీ ఒక్కొక్కరుగా వచ్చి చేరడానికి దాదాపు నాలుగేళ్ళు పట్టింది.

1974లో సొంతంగా విడుదల చేసుకున్న తొలి రికార్డుకు స్టూడియో ఖర్చు మేపుల్‌థార్ప్ పెట్టుకున్నాడు. దాని రెండో వైపున ఉన్న ‘పిస్ ఫ్యాక్టరీ’ని పాట అనడం కష్టం. న్యూయార్క్ రాకముందు కర్మాగారంలో చేసిన కూలి పని గురించి రాసుకున్న కవితను పియానో, గిటారు మీద ఆవిడ వేగంగా చదువుకుంటూ పోతారు. ఆ యంత్రాల మధ్య నుంచి న్యూయార్క్ రైలెక్కి బయటపడతానన్న శపథమే అందులోని విషయం.

‘హార్సెస్’ మొదటి పాట ‘గ్లోరియా’ ఎలా తయారైందో చూస్తే ఈ పద్ధతి ఇంకా స్పష్టమవుతుంది. ఏసు చనిపోయింది ఎవరి పాపాల కోసమైనా కావచ్చు, నా పాపాల కోసం మాత్రం కాదు అని తెగేసి చెప్పే తొలి పంక్తి 1970లో రాసిన ‘ఓత్’ అనే కవితలోనిది. ఒకసారి సాధన చేస్తుండగా, సంగీతకారుడు రిచర్డ్ హెల్ దగ్గర కొన్న బేస్ గిటారు మీద ఒక్క స్వరం మోగించి ఆ పంక్తి చదివారు. బృందం దాన్ని అందుకుని మెల్లగా, 1964లో వ్యాన్ మారిసన్ రాసి దెమ్ బృందం పాడిన ‘గ్లోరియా’లోకి నడిపించింది. మూడే స్వరమేళాల పాట అది. అమెరికాలో గిటారు పట్టిన ప్రతి కుర్రవాడికీ వచ్చు. ఒక మగవాడు ఒక ఆడపిల్లను కోరుకునే ఆ పాటలో ఆవిడ సర్వనామాలు మార్చలేదు, మగవాడి స్థానంలో తానే నిలబడ్డారు. తల్లి యెహోవాసాక్షుల మతస్థురాలు కావడంతో బైబిలు వింటూ పెరిగిన మనిషి రాసిన పంక్తి కాబట్టే దానికి ఆ బరువు వచ్చింది. నాస్తికులు తేలికగా అనే మాట కాదది. తన తప్పులకు తానే బాధ్యురాలినని ప్రకటించుకోవడమని ఆవిడ తరువాత ఎన్నోసార్లు వివరించారు.

తొమ్మిది నిమిషాల ‘బర్డ్‌ల్యాండ్’ ఇంకొక రకం. మనస్తత్వవేత్త విల్‌హెల్మ్ రైక్ కుమారుడు పీటర్ రాసిన స్మృతుల్లో, తండ్రి పోయాక ఆయన ఆకాశనౌకలో వచ్చి తనను తీసుకుపోతాడని పిల్లవాడు ఎదురుచూసే ఘట్టం ఒకటి ఉంది. దాన్ని తీసుకుని ఆవిడ స్టూడియోలోనే అప్పటికప్పుడు అల్లుతూ పోగా, పాట పెరుగుతూ పోయింది. నిర్మాత జాన్ కేల్‌కూ ఆవిడకూ ఆ రికార్డింగు రోజుల్లో పడేది కాదు గానీ, ఇలా పాటను సాగనిచ్చింది కూడా ఆయనే. చివరి పాట ‘ఎలెజీ’ని 1975 సెప్టెంబరు 18న, అంటే ఐదేళ్ళ క్రితం గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ మరణించిన తేదీనే, ఆయన కట్టించిన ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో రికార్డు చేశారు.

ఆల్బమ్ అట్ట గురించి కూడా ఒక మాట. తెల్ల చొక్కా, భుజం మీద వేసుకున్న కోటు, ఎటువంటి అలంకరణా లేని ముఖం. కిటికీ వెలుతురులో మేపుల్‌థార్ప్ డజను ఫొటోలు తీసి అక్కడితో చాలించాడు. రికార్డు కంపెనీవారు చెదిరిన జుట్టును సరిదిద్దుతామంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఆడ గాయని ఫొటో అలా ఉండవచ్చునని అప్పటివరకు ఆ పరిశ్రమకు ఎవరూ చెప్పలేదు. రామోన్స్ వంటి బృందాల వేగంతో పోల్చి, ఇది పంక్ ఆల్బమ్ కాదని కొందరు వాదిస్తారు. కానీ రామోన్స్ తొలి ఆల్బమ్ వచ్చింది 1976లో. ఇద్దరూ పాడింది బవరీ వీధిలోని సీబీజీబీ అనే ఇరుకు బారులోనే. 1975 వసంతంలో ‘టెలివిజన్’ అనే రాక్ బృందంతో కలిసి ఆవిడ అక్కడ వారాల తరబడి పాడిన తరువాతే ఆ చోటు పేరు ఊరంతా పాకింది.

అందువల్ల ‘పాట నుంచి విడదీసి చదివితే’ అన్న మీ పరీక్ష ఆవిడకు సరిపడదు. ఆవిడ కవిత ముగిసేది కాగితం మీద కాదు.

జవాబు: పాతపుస్తకాలు

మూడుతీగలు గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు, తీర్పుతోనే ఉంది. కవిత కాగితం మీద ముగియదని అంటే ఇక ఏ కవితనూ తప్పుపట్టడానికి వీలుండదు. ఆమె స్వయంగా కవితా సంపుటాలు అచ్చు వేయించుకుంది కాబట్టి, కాగితం మీద చదివి తూకం వేసే హక్కు పాఠకుడికి ఉంది.

1972లో వచ్చిన ‘సెవెంత్ హెవెన్’, 1973 నాటి ‘విట్’, 1978 నాటి ‘బేబెల్’ ఈ మూడింటినీ నేను చదివాను. మొదటి రెండూ చిన్నవి, చురుకైనవి. కానీ రాంబో నీడ ఎంత దట్టంగా పడిందంటే, చాలాచోట్ల ఆమె గొంతు ఏదో, ఆరాధన ఏదో విడదీయడం కష్టం. ‘బేబెల్’ మరీ అసమంగా ఉంటుంది. అందులో వచన కవితలు కొన్ని జ్వరంలో పలవరించినట్లు సాగుతాయి. ఊపు ఉంటుంది, కూర్పు ఉండదు. అదే మాటలను ఆమె వేదిక మీద చదివితే శ్వాస, తాళం, నిశ్శబ్దం కలిసి ఆ లోపాన్ని కప్పేస్తాయి. అంటే ఆమె మేధ ప్రదర్శనకు సంబంధించినది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. అయితే 2010లో వచ్చిన ‘జస్ట్ కిడ్స్’, 2015లో వచ్చిన ‘ఎం ట్రెయిన్’ చూశాక నా అభిప్రాయం ఇంకా బలపడింది: ఆమెలోని అసలైన రచయిత వచనంలో ఉంది. ‘జస్ట్ కిడ్స్’కు అమెరికాలోని నేషనల్ బుక్ అవార్డు రావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

అభిమానులు సాధారణంగా దాటవేసే విషయం మరొకటి. 1978 నాటి ‘ఈస్టర్’ ఆల్బమ్‌లో, నల్లజాతివారిని అవమానించడానికి వాడే మాటను సంఘం వెలివేసిన కళాకారులందరికీ గుర్తుగా వాడుతూ ఒక పాట ఉంది. హెండ్రిక్స్‌నూ, చిత్రకారుడు జాక్సన్ పాలక్‌నూ, ఏసునూ ఒకే వరుసలో చేర్చి, తాము అందరూ అదేనని ఆమె ప్రకటిస్తుంది. ఉద్దేశం తిరుగుబాటే కావచ్చు. కానీ ఆ మాట వల్ల దెబ్బ తిన్నవారు వేరు, దాన్ని బిరుదుగా తగిలించుకోగలిగినవారు వేరు. ఈ తేడా ఆమెకు పట్టలేదని ఆ రోజుల్లోనే విమర్శకులు రాశారు. కవిగా మాటల మీద అంత గౌరవం ఉన్న మనిషి అక్కడ మాటకున్న చరిత్రను పట్టించుకోలేదు. గొంతు ఎంత గొప్పదైనా ఈ లెక్క తీసివేయకూడదని నా అభిప్రాయం.

జవాబు: కాలువగట్టు

నీలిసిరా గారి మొదటి ప్రశ్న మధ్యలో తప్పిపోయినట్లుంది. దానికి నాకు తెలిసినంతవరకు చెబుతాను.

1979ని అర్థం చేసుకోవడానికి 1977కు వెళ్ళాలి. ఆ సంవత్సరం జనవరి 23న ఫ్లోరిడాలోని టాంపాలో, రాక్ గాయకుడు బాబ్ సీగర్ కచేరీకి ముందు పాడుతూ, వేదిక మీద గిరగిరా తిరుగుతూ అంచు దాటి సుమారు పదిహేను అడుగుల కింద కాంక్రీటు మీద పడింది. మెడ ఎముకలు విరిగాయి. అప్పుడు పాడుతున్న ‘ఎయింట్ ఇట్ స్ట్రేంజ్’ పాటలో దేవుణ్ణి కదలమని సవాలు చేసే చోటు అదేనని ఆమె ఎన్నోసార్లు చెప్పుకుంది. నెలల తరబడి మెడకు పట్టీతో, వ్యాయామ చికిత్సతో గడిపింది. పాతపుస్తకాలు గారు జ్వరపు పలవరింత అన్న ‘బేబెల్’ చాలావరకు ఆ మంచం మీద తయారైంది కాబట్టి, ఆ వర్ణన అనుకోకుండానే సరిపోయింది.

తరువాత వచ్చిన విజయం ఆమె కోరుకున్న రకం కాదు. ‘బికాజ్ ద నైట్’ బాణీ, పల్లవి రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌వి. ఆయన పూర్తి చేయకుండా వదిలేసిన ఆ పాట క్యాసెట్టును ఇద్దరి రికార్డింగులకూ పని చేస్తున్న జిమీ ఐవీన్ ఆమెకు ఇచ్చాడు. ఒక రాత్రి డెట్రాయిట్ నుంచి ఫ్రెడ్ ఫోన్ కోసం ఎదురుచూస్తూ, కాలం గడవక ఆమె చరణాలు రాసింది. పాట రేడియోలో మారుమోగింది, వేదికలు స్టేడియాలయ్యాయి, ఫొటోగ్రాఫర్లు, భద్రతా సిబ్బంది, కార్లు వచ్చాయి. రాయడం తగ్గిపోయింది. మనిషిగా ఎదగడం లేదని తనకు అనిపించిందని ఆమె తరువాత చెప్పింది. ఫ్లోరెన్స్ కచేరీ నాటికి ప్రేమించిన మనిషి ఒక ఊళ్ళో, తాను మరో ఖండంలో ఉంది. ఇన్ని కారణాలను కలిపి ‘పెళ్ళి కోసం వదులుకుంది’ అనడం పెళ్ళికి లేనిపోని బరువు అంటగట్టడమే.

ఆ తరువాతి కాలంలో సెయింట్ క్లెయిర్ షోర్స్‌లో, కాలువ ఒడ్డున పాత రాతి ఇంట్లో ఉన్నారు. 1982లో కొడుకు జాక్సన్, 1987లో కూతురు జెస్సీ పుట్టారు. పిల్లలు లేవకముందే తెల్లవారుజామున లేచి రాసుకునే అలవాటు ఆమెకు అక్కడే స్థిరపడింది. అంతకుముందు న్యూయార్క్‌లో రాత్రంతా మేలుకొని, ఊపు వచ్చినప్పుడు రాసిన మనిషి, ఇప్పుడు ఊపు ఉన్నా లేకపోయినా గడియారం చూసుకుని రాయవలసి వచ్చింది. ‘బేబెల్’ వచనానికీ ‘జస్ట్ కిడ్స్’ వచనానికీ మధ్య ఉన్న దూరం ఆ తెల్లవారుజాముల దూరమేనని నేను నమ్ముతాను. 1988 ఆల్బమ్ ‘డ్రీమ్ ఆఫ్ లైఫ్’లోని ‘పీపుల్ హావ్ ద పవర్’ కూడా వంటింట్లోనే పుట్టింది. ఆమె బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే ఫ్రెడ్ లోపలికి వచ్చి ఆ శీర్షిక చెప్పి, దీన్ని పాటగా రాయమన్నాడు. ఆమె ఇంటి పనుల గురించి జాలిపడే వ్యాసకర్తలు ఈ సంగతిని ఎందుకో ప్రస్తావించరు.

ఈ ‘మౌనం’లోనే వెలువడిన ఒక చిన్న పుస్తకానికి మన వైపుతో అచ్చమైన సంబంధం ఉంది. రేమండ్ ఫోయ్ అనే సంపాదకుడు, ఇటలీ చిత్రకారుడు ఫ్రాంచెస్కో క్లెమెంటే కలిసి 1986లో హనుమాన్ బుక్స్ అనే ప్రచురణ సంస్థను మొదలుపెట్టారు. సంస్థ నడిచింది న్యూయార్క్‌లోని చెల్సీ హోటల్ నుంచి. పుస్తకాలు అచ్చయింది మాత్రం మద్రాసులో. గుడి ముందు దుకాణాల్లో దొరికే హనుమాన్ చాలీసా ప్రతులను పోలిన, అరచేతిలో ఇమిడే పుస్తకాలవి. బీట్ కవులనూ (1950ల నాటి తిరుగుబాటు అమెరికన్ కవులు), చిత్రకారులనూ ఆ పరిమాణంలో వేశారు. ఫోయ్ అడిగితే 1991లో ప్యాటీ స్మిత్ ఆ వరుస కోసం ‘ఊల్‌గేదరింగ్’ రాసి, తన నలభై ఐదో పుట్టినరోజున పూర్తి చేసింది. 1992లో అది వెలువడింది. న్యూజెర్సీలో చిన్ననాడు ఇంటి ఎదుట ఉన్న పచ్చిక బయలు, రాత్రి ఆ బయల్లో ఎవరో తిరుగుతున్నట్లు పిల్లకు తోచడం, చేపపిల్లలు అమ్మే ముసలాయన చెప్పిన మాట, ఇవీ అందులోని విషయాలు. కోపం లేదు, రాంబో అనుకరణ లేదు. నా దృష్టిలో ఆమె రచయితగా స్థిరపడింది ఆ పుస్తకంతోనే. అది మద్రాసులోని ముద్రణాలయంలో అచ్చవుతున్న రోజుల్లో, అమెరికా సంగీత పత్రికలు ఆమెను రిటైరైన గాయనిగా లెక్కగడుతున్నాయి.

జవాబు: అర్ధరాత్రి పాఠకుడు

దిగంబర కవులతో పోలిక గురించి క్లుప్తంగా. 1965లో తొలి సంపుటాన్ని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేసినప్పుడు వారు చేసింది కూడా ఒక ప్రదర్శనే. మర్యాదస్తుల సభను తలకిందులు చేయడంలో సెయింట్ మార్క్స్ చర్చి గిటారుకూ దానికీ చుట్టరికం ఉంది. పోలిక అంతవరకే. దిగంబరులు సొంత పేర్లనూ, పాత కవిత్వాన్నీ వదిలించుకుని మొదలుపెట్టారు. వారిలో కొందరు కొద్దికాలంలోనే విప్లవ రాజకీయాలలోకి నడిచారు. ప్యాటీ స్మిత్ దేన్నీ వదిలించుకోలేదు. చచ్చిపోయిన కవుల సమాధుల దగ్గరకు వెళ్ళి ఫొటోలు తీసుకునే మనిషి ఆమె. సంప్రదాయం మీద కసి ఉన్నవారిని, తనకు నచ్చిన సంప్రదాయాన్ని మొండిగా వెతుక్కున్న మనిషితో ఒకే గాటన కట్టడం నాకు సరిగా తోచదు.

నీలిసిరా

అందరికీ ధన్యవాదాలు. మద్రాసు సంగతి నాకు పూర్తిగా కొత్త. కాలువగట్టు గారూ, మరి 1995లో ఆమె తిరిగి రావడం ఎలా జరిగింది? నిశ్చింతగా రాసుకుంటున్న మనిషి మళ్ళీ వేదిక ఎందుకు ఎక్కవలసి వచ్చింది? అలాగే 2016 నోబెల్ సభలో ఆమె పాట మధ్యలో ఆగిపోయిన వీడియో చూశాను. దాన్ని వయసు ప్రభావంగా చూడాలా?

జవాబు: కాలువగట్టు

వరుసగా చావులు. 1989 మార్చి 9న మేపుల్‌థార్ప్ ఎయిడ్స్‌తో మరణించాడు. 1990లో పియానో వాయించే రిచర్డ్ సోల్ పోయాడు. 1994 నవంబరు 4న ఫ్రెడ్, ఆ తరువాత నెల రోజులకే ఆమె తమ్ముడు టాడ్ మరణించారు. టాడ్ ఒకప్పుడు ఆమె బృందంతో ఊరూరా తిరిగి వాద్యాల ఏర్పాట్లు చూసుకున్నవాడు. ఫ్రెడ్ పోయాక, మళ్ళీ పాడమని అక్కకు ధైర్యం చెప్పినవాడు కూడా. నలభై ఏడేళ్ళ వయసులో ఇద్దరు పిల్లలతో మిగిలిన మనిషికి పాట ఓదార్పు మాత్రమే కాదు, ఇల్లు గడిచే దారి కూడా. కవి ఆలెన్ గిన్స్‌బర్గ్, ఆర్.ఇ.ఎం. బృందపు మైకేల్ స్టైప్ ఆమెను వెన్నుతట్టారు. 1995 డిసెంబరులో గాయకుడు బాబ్ డిలన్ తన కచేరీల్లో ముందుగా పాడడానికి పిలిచాడు. మరుసటి సంవత్సరం వచ్చిన ‘గాన్ అగెయిన్’ పోయినవారి కోసం పాడిన ఆల్బమ్. 1994లో మరణించిన రాక్ గాయకుడు కర్ట్ కోబేన్ మీద కూడా అందులో ఒక పాట ఉంది. అదే సంవత్సరం మేపుల్‌థార్ప్ స్మృతిలో రాసిన వచన కవితలు ‘ద కోరల్ సీ’గా వెలువడ్డాయి. ఆ తరువాత ఆమె ఆగలేదు. 2004 నాటి ‘ట్రాంపిన్’లో గాంధీ పేరుతో తొమ్మిది నిమిషాలకు పైబడిన పాట ఒకటి, బాగ్దాద్ మీద బాంబుల గురించి మరొకటి ఉన్నాయి. 2006 అక్టోబరు 15న సీబీజీబీ మూతపడినప్పుడు చివరి కచేరీ ఆమెదే; ఆ రాత్రి ‘ఎలెజీ’ పాడుతూ, ఆ తరంలో మరణించిన సంగీతకారుల పేర్లు చదివింది.

నోబెల్ విషయం మూడుతీగలు గారు చెబితే బాగుంటుంది.

జవాబు: మూడుతీగలు

వయసుకూ దానికీ సంబంధం లేదు. ఆ సభలో పాడమని ఆవిడను అడిగేనాటికి సాహిత్య బహుమతి ఎవరికో తెలియదు. తన పాటే ఒకటి పాడాలనుకున్నారు. డిలన్ పేరు ప్రకటించాక, టీనేజీ నుంచి తాను ప్రేమించిన ఆయన పాట ‘ఎ హార్డ్ రెయిన్స్ ఎ గోనా ఫాల్’ పాడతానన్నారు. డిలన్ రాలేదు. 2016 డిసెంబరు 10న స్టాక్‌హోమ్‌లో రాజకుటుంబం, పరిశోధకులు, టెలివిజన్ కెమెరాలు, వెనుక ఆర్కెస్ట్రా. రెండో చరణంలో మాట రాలేదు. ఆవిడ ఆగి, క్షమించమని అడిగి, చాలా కంగారుగా ఉందని చెప్పి, ఆ భాగాన్ని మళ్ళీ మొదలుపెట్టమన్నారు. కొద్ది రోజులకే ‘న్యూయార్కర్’ పత్రికలో దీని గురించి రాస్తూ, పాటలోని మాటలు మరచిపోలేదనీ, అవి లోపలే ఉన్నా బయటికి తీయలేకపోయాననీ వివరించారు. చర్చిలో తొలి పఠనం నాటి నుంచీ ఆవిడ వేదిక మీద తడబడుతూనే ఉన్నారు. తడబాటును దాచుకోవడం ఆవిడ పద్ధతి కాదు. మర్నాడు ఉదయం హోటల్లో శాస్త్రవేత్తలు కొందరు ఆవిడను పలకరించి, ఆ తడబాటులో తమ కష్టాన్ని తాము చూసుకున్నామన్నారట.

జవాబు: పాతపుస్తకాలు

నీలిసిరా గారూ, ముందుకు చదవదలిస్తే నా సలహా ఇది. ‘జస్ట్ కిడ్స్’ అయిపోయింది కాబట్టి నేరుగా ‘ఊల్‌గేదరింగ్’కు వెళ్ళండి. మద్రాసు ప్రతి ఇప్పుడు సేకర్తల దగ్గర తప్ప కనిపించదు గానీ, న్యూ డైరెక్షన్స్ సంస్థ 2011లో దాన్ని మళ్ళీ వేసింది. తరువాత ‘ఎం ట్రెయిన్’. ఆమె పేరుతో ఉన్న కవిత్వమే కావాలంటే 2005 నాటి ‘ఆగరీస్ ఆఫ్ ఇన్నొసెన్స్’ మొదట చదవండి. బ్లేక్ కవిత పేరునే శీర్షికగా పెట్టుకున్నా, అందులో ఆమె గొంతు ఆమెకే ఉంది. ‘బేబెల్’ను ఆఖరున తెరవండి. అప్పటికి 1976 నాటి ‘రేడియో ఇథియోపియా’ ఆల్బమ్ కూడా విని ఉంటే, ఆ పుస్తకం ఎందుకు అలా ఉందో తెలుస్తుంది. ఈ విషయంలో మూడుతీగలు గారు నాతో ఏకీభవించరని తెలుసు; ఆయన ‘బేబెల్’ను గట్టిగా పైకి చదవమంటారు. రెండు విధాలా చదివి చూసి, మీ అభిప్రాయం ఇక్కడే రాయండి.